ట్రేలో ఏముందో మా ఆయన చూడలేదు

నా ఒంట్లో ఏదో తేడా ఉందని తెలిసింది ఒక సోమవారం పొద్దున, జనగామ నుంచి నర్మెట్ట పోయే బస్సులో. నేను ఆ బస్సు కండక్టర్‌ని. పేరు స్వరూప. పద్నాలుగేళ్ల సర్వీసు కాబట్టి కదిలే బస్సులో నడవడం నాకు ఇంట్లో నడిచినట్టే. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో చీమ దూరే సందు కూడా ఉండడం లేదు. అయినా అలవాటు కొద్దీ "జరుగుండ్రమ్మా, లోపల మస్తు జాగున్నది" అని అరుస్తూ వెనక్కి పోతున్నాను. ఇంతలో స్పీడ్ బ్రేకర్ వచ్చింది. సీటు మూల నా పొత్తికడుపుకు ఎడమ పక్కన తగిలింది. చిన్న దెబ్బే. నేను మాత్రం "అవ్వో!" అని టికెట్ మెషిన్ మీదికి వంగిపోయాను.

ఒక ముసలమ్మ లేచి నాకు సీటిచ్చింది. కూర్చున్నాక నా పొట్ట వైపు చూసి అడిగింది.

"ఎన్నో నెల బిడ్డా?"

"నాకు గర్భసంచే లేదవ్వా."

ఆ మాట కాస్త గట్టిగానే అన్నాను. నా నోరు అసలే పెద్దది. సగం బస్సు నా వైపు తిరిగింది.

పొట్ట ఉబ్బిన మాట నిజమే. నెల రోజులుగా ఎడమ పక్క బరువుగా ఉంటోంది. మాటిమాటికీ మూత్రానికి పోవాలనిపిస్తోంది. ఈ ఉద్యోగంలో అది ఎంత కష్టమో ఏ ఆడ కండక్టర్‌ని అడిగినా చెబుతుంది. మా వీధిలోని డాక్టర్ గ్యాస్ అన్నాడు. పదిహేను రోజులు గ్యాస్ మాత్రలు మింగాను. గ్యాస్ పోయిందేమో తెలియదు కానీ నొప్పి పోలేదు.

ఇక్కడ ఏడేళ్లు వెనక్కి పోవాలి. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. నెలసరి వస్తే వారం రోజులు మంచం దిగలేకపోయేదాన్ని. జనగామలో ఒక డాక్టరమ్మ చూసి ఎండోమెట్రియోసిస్ అన్నారు, గర్భసంచి లోపలి పొర బయట కూడా పెరిగే జబ్బట. రెండు ఓవరీల్లోనూ సిస్టులున్నాయి, లోపల అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి అన్నారు. మందులతో తగ్గలేదు. చివరికి హిస్టరెక్టమీ అని గర్భసంచి తీసి, రెండు ఓవరీలు కూడా తీసేశారు.

మా దగ్గర దవాఖానల్లో ఒక పద్ధతి ఉంది. ఆపరేషన్ కాగానే, తీసిందేమిటో ట్రేలో పెట్టి బయట ఉన్న ఇంటివాళ్లకు చూపిస్తారు. "చూసినం" అని వాళ్లతో సంతకం పెట్టించుకుంటారు. తర్వాత దాన్ని డబ్బాలో వేసి, వాళ్ల చేతికే ఇచ్చి బయాప్సీకి పంపిస్తారు. మా ఇంట్లో ఆ ట్రే చూడటానికి ఎవరు పోవాలన్న చర్చే రాలేదు. మా ఆయన సమ్మయ్యకు జనగామలో మటన్ షాపుంది. తెల్లారి లేస్తే పొట్టేళ్లను కోసే మనిషి. ఏది కాలేయమో ఏది గుండెకాయో చీకట్లో చేత్తో తడిమి చెప్పగలడు. "ఆయనకు తెల్వనిది ఉంటదా?" అని మా సరోజనక్క ఆయన్నే ముందుకు తోసింది. ఆయన పోయి వచ్చాడు. "అంత మంచిగనే తీసిండ్రు" అన్నాడు. మేము నమ్మేశాం.

తర్వాత ఏడేళ్లు నేను రాజాలా బతికాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మా డిపోలో విజయ అని ఇంకో కండక్టరుంది. ఆమెకూ ఇదే ఆపరేషన్ అయింది. అయిన నెలలోనే వేడి ఆవిర్లు మొదలై, చలికాలంలో కూడా కొంగుతో విసురుకుంటూ టికెట్లు కొట్టేది. నాకు ఒక్క ఆవిరి రాలేదు. అది నా గొప్పతనమే అనుకున్నాను. "జొన్నరొట్టె తిను విజయా, రాగిజావ తాగు. నన్ను చూడు, చెమట సుక్క రాదు" అని ఏడేళ్లపాటు ఆమెకు ఉపన్యాసాలిచ్చాను. పాపం, అన్నీ ఓపిగ్గా విన్నది.

నొప్పి తగ్గకపోయేసరికి మానుకోటలో ఉండే సరోజనక్క నన్ను వాళ్లింటికి పిలిపించుకుని స్కానింగ్‌కు తీసుకుపోయింది. అందరూ మహబూబాబాద్ అని రాస్తారు, మేము మానుకోట అనే అంటాం. స్కానింగ్ డాక్టర్ చల్లటి జెల్ రాసి మిషన్ పెట్టి కాసేపు చూశాడు.

"లెఫ్ట్ ఓవరీలో సిస్ట్ ఉందమ్మా. పెద్దగనే ఉంది."

"నాకు ఓవరీ లేదు సార్."

"ఇక్కడ కనవడుతుంది కదమ్మా."

"నేను తీయించుకున్న సార్. రెండూ తీసేసిండ్రు. గర్భసంచి కూడ లేదు."

ఆయన మళ్లీ మిషన్ తిప్పాడు. నా ముఖం చూశాడు, స్క్రీన్ చూశాడు. "గర్భసంచి లేదు, నిజమే" అని సగం ఒప్పుకున్నాడు. "మరి గిదేంది?" అని నన్నే అడిగాడు. టికెట్ లేని ప్యాసింజర్ దొరికితే నేను కూడా అలాగే అడుగుతాను. పాత కాగితాలు పట్టుకుని, ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే పొమ్మన్నాడు.

బయటికి రాగానే అక్క కోపంతో ఊగిపోయింది. "ఆ డాక్టరమ్మ నిన్ను మోసం చేసింది చెల్లె! ఒక్కటి తీసి రెండు తీసిన అన్నది. కిరాయికున్నోడు ఇల్లు ఖాళీ చేసినంక సామాను ఎట్ల మిగులుతది?"

తర్వాత ఆటోలో గొంతు తగ్గించి ఇంకో మాట అన్నది. "తీసినంక గూడ మళ్ల పెరుగుతుందంటే... అదేనేమోనే." క్యాన్సర్ అన్న పేరు పలకలేదు. మా ఇళ్లల్లో ఎవరూ పలకరు.  నాకు మాత్రం ఆ ఆటోలో చావంటే భయం వేసింది. మా బిడ్డ డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. దానికి ఇంకా పప్పు వండటం కూడా సరిగా రాదు అని పిచ్చి పిచ్చిగా ఆలోచించాను.

మా డాక్టరమ్మ ఆ మధ్య జనగామ వదిలి భూపాలపల్లిలో ప్రాక్టీస్ పెట్టారని తెలిసింది. అక్కడికి పోయి నిలదీయాలని అక్క, నేను తీర్మానించాం. మా బలమంతా సాక్షే. ట్రే కళ్లారా చూసిన సమ్మయ్య! సాక్షి మాత్రం రానంటాడు.

"ఆదివారం గిరాకీ ఉంటది."

"బుధవారం పోదాం."

"బుధవారం సంతకు పోవాలె, పొట్టేళ్లు కొనాలె."

"శుక్రవారం?"

"శుక్రవారం... నడుము నొస్తుంది."

"శుక్రవారం నీకు నడుము నొస్తదని ఇప్పుడే ఎట్ల ఎరుక?" అని అరిచాను. చివరికి చొక్కా పట్టుకుని బస్సెక్కించినంత పని చేశాం. భూపాలపల్లి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. 

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. "మేడమ్, నాకు రెండు ఓవరీలు తీసిన అన్నరు. ఒక్కటి ఎట్ల మిగిలింది? మా ఆయన కండ్లార చూసిండు. చెప్పయ్యా, చెప్పు!" అన్నాను. మా ఆయన నేల వైపు చూస్తున్నాడు. డాక్టరమ్మకు కోపం రాలేదు. పాత కాగితాలు అడిగారు. ఏడేళ్లుగా బీరువాలో బట్టల కింద దాచిన ప్లాస్టిక్ కవరు ఆమె చేతిలో పెట్టాను. ఆమె డిశ్చార్జ్ సమ్మరీ తీసి, వేలు పెట్టి చూపించారు.

"ఇది చదివినవా స్వరూపా?"

చదవలేదు. "బోర్డు చదివి బస్సెక్కుండ్రి" అని రోజుకు వందసార్లు జనాన్ని కసురుతాను. నా సొంత కాగితాన్ని ఏడేళ్లు బట్టల కింద పెట్టుకుని ఒక్కసారి కూడా చదవలేదు. అందులోని ఇంగ్లిషంతా ఆమె విడమరిచి చెప్పారు. ఎడమ ఓవరీ పేగుకు, మూత్రనాళానికి గట్టిగా అతుక్కుని ఉంది. అడుగంటిన అన్నాన్ని గీకినట్టు ముక్కలు ముక్కలుగా తీయాల్సి వచ్చింది. బయాప్సీ రిపోర్ట్ తీసుకుని తప్పక రావాలని కింద రాసి ఉంది. దాని కింద మా ఆయన సంతకం.

"ట్రే చూపిస్తూ సమ్మయ్యకు కూడ చెప్పిన. ఎడమ పక్క ముక్కలుగ వచ్చింది, కొంచెం మిగిలి ఉండొచ్చు, జాగ్రత్త అన్న. యాదున్నదా సమ్మయ్యా?"

 మా ఆయన తల గోక్కున్నాడు.

"నేను కండ్లు మూసుకున్న మేడమ్."

"ఏందీ?" అన్నాం నేనూ అక్కా ఒకేసారి.

"ట్రే రాంగనే మూసుకున్న. చెవులల్ల గుయ్యిమన్నది. మేడమ్ ఏం చెప్పిందో గూడ ఇనలే. సంతకం కాడ తెర్సిన."

అక్క ముందు నోరు తెరిచింది, తర్వాత నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వాలో ఆయన్ని తన్నాలో తెలియలేదు. "పొద్దుగాల లేస్తే కత్తి పట్టేటోనివి! నీకు భయమేందయ్యా?" అన్నాను.

"అవి పొట్టేళ్లు. అది నీది."

ఆ మాటకు నా నోరు మూతపడింది. పద్నాలుగేళ్ల సర్వీసులో ఏ ప్యాసింజరూ ఆ పని చేయలేకపోయాడు.

డాక్టరమ్మ వివరించారు. ఓవరీ ముక్క చిన్నది మిగిలినా, దానికి రక్తం అందితే మళ్లీ బతికి పని చేస్తుందట. దాని మీద మళ్లీ సిస్టులు వస్తాయట. దాన్ని ఓవేరియన్ రెమ్నెంట్ అంటారట. అరుదే కానీ ఇలా అతుక్కున్నవాళ్లలో వస్తుందట. "ఆపరేషన్ అయినంక వేడి ఆవిర్లు వచ్చినయా?" అని అడిగారు. రాలేదని కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె నవ్వారు. "అదే గుర్తు. లోపల ఓవరీ ఇంకా పని చేస్తుండబట్టే రాలేదు." నా జొన్నరొట్టె, నా రాగిజావ, విజయకిచ్చిన ఉపన్యాసాలు అన్నీ ఒక్క నిమిషంలో గంగలో కలిశాయి.

"మరి ఇది... చెడ్డదా మేడమ్?" అని చివరికి అడిగేశాను. ఊరికే చూసి చెప్పలేనన్నారు. ఎఫ్ఎస్‌హెచ్, సీఏ 125 అనే రక్తపరీక్షలు, ఎంఆర్ఐ స్కాన్ చేయించమన్నారు. అన్నిటికంటే ముందు పాత బయాప్సీ రిపోర్ట్ కావాలన్నారు. అప్పుడు ఓవరీలో చెడ్డ కణాలు లేవని తెలిస్తే సగం భయం తీరుతుందట. నేను కవరంతా వెతికాను. ఆ రిపోర్ట్ అందులో లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్‌స్టాండ్‌లో అక్క చాయ్‌కి పోయింది. మా ఆయన నా పక్కన కూర్చుని మిగతాది కూడా కక్కేశాడు. బయాప్సీ డబ్బా ల్యాబ్‌లో ఇచ్చిన మాట నిజమే. రిపోర్ట్ తెచ్చుకోవడానికే పోలేదు.

"ఎందుకు పోలే?"

"బయాప్సీ అంటే అదుందా లేదా అని చూసుడే గదా. ఉన్నదని రాస్తే ఏం జేయాలె? నువ్వప్పుడే లేచి తిరుగుతున్నవు. నవ్వుతున్నవు. గా కాయితం తేకుంటే ఏం లేనట్టే అనుకున్న."

పర్సు తెరిచి, మా పెళ్లి ఫోటో వెనక నుంచి నాలుగు మడతలు పెట్టిన ల్యాబ్ రసీదు తీశాడు. అక్షరాలు చెరిగిపోయాయి కానీ నంబరు కనిపిస్తోంది. "పారెయ్యబుద్ధి కాలే" అన్నాడు. ఏడేళ్లు నేను హాయిగా తిరుగుతుంటే ఈయన నా భయాన్ని కూడా తన జేబులోనే పెట్టుకుని తిరిగాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ అక్కడే అయ్యాయి. పక్కన కూర్చున్నవాళ్లు మా బ్యాగులు పోయాయనుకున్నారు.

మర్నాడు ఇద్దరం జనగామ ల్యాబ్‌కు పోయాం. రసీదు చూసి అక్కడి పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏడేండ్లా? ఇప్పుడు గుర్తొచ్చిందా అన్నా?" అన్నాడు. కానీ మంచివాడు. వాళ్ల దగ్గర స్లైడులు, మైనపు దిమ్మెల్లో పెట్టిన ముక్కలు చాలా ఏళ్లు దాచి ఉంచుతారట. అరగంటలో కంప్యూటర్‌లోంచి రిపోర్ట్ తీసి ఇచ్చాడు. ఎడమ ఓవరీ ముక్కలుగా అందింది, ఎండోమెట్రియోసిస్ ఉంది, క్యాన్సర్ లక్షణాలు లేవు. ఏడేళ్ల క్రితమే రాసి పెట్టి ఉంది ఆ మాట. మా ఆయన అక్కడి బల్ల మీద కూర్చుండిపోయాడు. వాళ్లే మంచినీళ్లు ఇచ్చారు.

తర్వాత పరీక్షలయ్యాయి. డాక్టరమ్మ ఎఫ్ఎస్‌హెచ్ చూసి, ఓవరీలున్న ఆడమనిషికి ఉన్నట్టే ఉందన్నారు. సీఏ 125 కొంచెం ఎక్కువుంది. అది క్యాన్సర్‌లోనే కాదు, ఎండోమెట్రియోసిస్‌లో కూడా పెరుగుతుంది, దాన్ని బట్టే భయపడొద్దు అన్నారు. మూడు నెలలు మాత్రలిచ్చి చూశారు. మొదటి నెల నొప్పి తగ్గింది, పొంగిపోయాను. మూడో నెల స్కాన్‌లో సిస్ట్ ముందుకంటే పెద్దదైంది. మూత్రనాళాన్ని కూడా నొక్కుతోంది. ఇక ఆపరేషన్ తప్పదని హనుమకొండలో ల్యాపరోస్కోపీ చేసే డాక్టర్ దగ్గరికి పంపారు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. "పాత మచ్చల్లో పని. టైమ్ పడుతది. పూర్తిగ తీసి మళ్లీ బయాప్సీకి పంపుదాం. అది వచ్చేదాక ఖాయంగ ఏం చెప్పలేను" అన్నాడు.

ఆపరేషన్ రోజు అక్క ట్రే చూడటానికి తాను పోతానని తయారైంది. మా ఆయన ఒప్పుకోలేదు. "ఈసారి నేనే చూస్త" అన్నాడు. నేను లోపలున్నాను కాబట్టి తర్వాతి సంగతి అక్క చెప్పిందే. ట్రే తేగానే రెండు చేతులతో గోడ పట్టుకుని నిలబడ్డాడట. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయట, కానీ కళ్లు మూయలేదట. తర్వాత నెమ్మదిగా పొట్టేలును బేరమాడే మనిషిలా మారిపోయాడట. "మొత్తమేనా సార్? ఏమన్న అతుక్కోని మిగిలిందా? ఆ పక్క చూసిండ్రా? ఈ పక్క?" డాక్టర్ నోటి మాస్క్ తీసి, "అంతా తీసిన, నువ్వు పోయి కూర్చో" అనేదాకా వదల్లేదట. పైగా ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. అది చుట్టాలందరికీ చూపించాడు, కొందరికి అన్నం తినే ముందు కూడా.

నా మూత్రనాళం మూసుకుపోకుండా అందులో స్టెంట్ అని సన్నటి గొట్టం పెట్టారు. ఆరు వారాలు అది నన్ను సతాయించింది. కూర్చుంటే పోటు, నిలబడితే పోటు. అయినా నా ధ్యాసంతా రిపోర్ట్ మీదే. పదో రోజు తయారవుతుందన్నారు. మా ఆయన ఆ పొద్దున షాపు తెరవలేదు. ఒక్కడే హనుమకొండ పోయాడు. పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది.

"స్వరూపా, తీసుకున్న. ల్యాబ్ మెట్ల మీద కూసున్న."

"లోపల ఎవ్వర్నన్న అడుగయ్యా."

"వద్దు. నేనే తెరుస్త. నువ్వు లైన్ల ఉండు."

కవరు చిరిగిన చప్పుడు ఫోన్‌లో వినపడింది. మా ఆయన చదువు ఏడో తరగతి. ఒక్కో ఇంగ్లిషు అక్షరం పలుకుతుంటే నేను క్యాలెండర్ వెనక రాసుకున్నాను. ఎన్, ఓ. తర్వాత ఎం, ఏ, ఎల్... తొందరలో గీకిన నా రాత నాకే అర్థం కాలేదు. మా బిడ్డ నా భుజం మీంచి చూసి "నో మాలిగ్నెన్సీ" అని చదివింది. "క్యాన్సర్ లేదమ్మా!" అని ఎగిరి గంతేసింది. అటువైపు ఆయనకు అది వినపడింది. ముక్కు చీదుకున్నాడు. తర్వాత "సరే, షాపు తెరుస్త" అని ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు తొమ్మిది నెలలైంది. స్టెంట్ తీసేశారు, మళ్లీ డ్యూటీ ఎక్కాను. మొన్న చేసిన స్కాన్‌లో ఎడమ పక్క ఖాళీగా ఉంది. కానీ వేడి ఆవిర్లు వచ్చాయి తల్లీ! ఏడేళ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు వచ్చాయి. నర్మెట్ట రూటులో కిటికీ సీటు దగ్గర నిలబడి ముఖం బయట పెడుతున్నాను. విజయకు క్షమాపణ చెప్పాను. ఆమె గంభీరంగా "జొన్నరొట్టె తిను అక్కా, రాగిజావ తాగు" అన్నది. ఏడేళ్లుగా దాచుకున్న మాట అది. డాక్టరమ్మ మాత్రం ఎముకలకు మాత్రలు రాసి, రోజూ నడవమన్నారు. నేను బస్సులో నడుస్తూనే ఉన్నానని చెప్పాను. అది లెక్కలోకి రాదట.

మా ఆయన ఆ రెండు బయాప్సీ రిపోర్టులనూ లామినేషన్ చేయించాడు. డాక్టరమ్మకు చూపిస్తే, మీద ఏమీ రాయడానికి లేకుండా చేశావని నవ్వారు. ఇప్పుడవి బట్టల కింద లేవు, గోడకు మేకు కొట్టి తగిలించాం.

ఈ ఆపరేషన్ చేయించుకున్న అక్కలకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఒక్కటే. డిశ్చార్జ్ సమ్మరీని ఎవరితోనైనా మీ భాషలో చదివించుకోండి, బయాప్సీ రిపోర్ట్ తెచ్చుకుని డాక్టర్‌కు చూపించండి. మీ ఇంటాయనకు భయమైతే తిట్టకండి, మెట్ల మీద కాసేపు కూర్చోనివ్వండి. కాగితం మాత్రం తెరిపించండి.